నూట అరవై నీలం పోగులు

2023 అక్టోబర్ 8, ఆదివారం

రిబ్కా ఫోన్ పొద్దున్నించి ఆగలేదు. మా రెండిళ్ళకీ మధ్య గోడ ఒకటే. కూర్చుని లెక్కపెట్టాను. పదకొండు లోపల ముప్పై రెండు సార్లు మోగింది. ఠాణె నుంచి అత్త, పుణె నుంచి చిన్నాయన, ముంబై నుంచి వాళ్ళ ప్రార్థనామందిరం పెద్దమనిషి, అమెరికా నుంచి ఇంతకుముందు మొహం కూడా చూడని ఎవరో చుట్టం. నిన్న ఇజ్రాయెల్ మీద దాడి జరిగింది. రిబ్కా తమ్ముడు అమోల్ అక్కడ లోద్ అనే ఊళ్ళో ఉంటాడు. బాగానే ఉన్నాడట. చాయ్ ఇచ్చి వచ్చాను. ఏడ్చి ఏడ్చి దాని ముక్కు ఎర్రగా అయింది.

పాపం అనిపించింది. నిజంగానే. ఆ వెనకే ఇంకోటి అనిపించింది. ఇక్కడ రాయకపోతే ఇంకెక్కడ రాస్తాను? లాక్‌డౌన్‌లో మరమగ్గాల సాంచెలన్నీ బందయి, అమ్మ పోయి, మోయడానికి నలుగురు దొరకనప్పుడు మా ఫోన్ ఎన్నిసార్లు మోగింది? రెండు సార్లు. అందులో ఒకటి రీచార్జ్ కంపెనీది.

షోలాపూర్‌లో మా జోడ్‌భావి పేట్ మొత్తంలో యూదుల ఇల్లు వాళ్ళదొక్కటే. తాత రైల్వే గార్డు, ఇక్కడే ఉండిపోయాడు. ఇంట్లో మరాఠీ మాట్లాడతారు, మా తెలుగూ బాగా వచ్చు. రెండు వేల ఏళ్ళ కింద కొంకణ్‌లో పడవ బద్దలై ఒడ్డున పడ్డ వాళ్ళ సంతతి అని చెప్పుకుంటారు. రెండు వేల ఏళ్ళు! వాళ్ళు ఆ నేలను మరవలేదు, ఆ నేలా వాళ్ళని మరవలేదు.

మా తాత సిద్దిపేట దగ్గర పల్లె నుంచి వచ్చి ఎనభై ఏళ్ళు కూడా కాలేదు. ఒకసారి పోయాం. షోలాపూరోళ్ళు ఒచ్చిండ్రని కుర్చీలు వేశారు. నీళ్ళు తాగేలోపే మళ్ళెప్పుడు పోతరని అడిగారు. ఇక్కడేమో పుట్టి పెరిగి నలభై రెండేళ్ళయినా మేం తెలుగోళ్ళమే.

అక్టోబర్ 14, శనివారం, పొద్దున 6:10

గోడ అవతల పాట. దావీదు కీర్తనలు నూట యాభై ఉన్నాయట. ప్రపంచంలో యూదులందరూ వాట్సాప్‌లో పంచుకున్నారట, ఎవరి వాటా వాళ్ళు రోజూ చదవాలి. రిబ్కాకి ఇరవై నుంచి ఇరవై అయిదు. మరాఠీ అభంగం లాగే ఉంది రాగం.

ఒక్క నిమిషం ఖాళీ లేకుండా భూమ్మీద ఎవరో ఒకరు చదువుతూనే ఉంటారని చెప్పింది. నేను అవునా అన్నాను. మా కుల సంఘం వాట్సాప్ గ్రూపులో నిన్నటి మెసేజ్: మోకాళ్ళ నొప్పులకు నూనె.

అక్టోబర్ 29, ఆదివారం

అమోల్‌ని పటాలంలోకి పిలిచారు. ముప్పై ఎనిమిదేళ్ళ మనిషి, ఇద్దరు పిల్లల తండ్రి, బస్సుల మెకానిక్. రిజర్వ్‌లో ఉన్నాడట. పిలవకముందే సంచి సర్దుకున్నాడని రిబ్కా చెప్పింది. భయమూ గర్వమూ రెండూ ఉన్నాయి దాని మొహంలో.

మొక్కుకుని మలీదా చేసింది. అటుకులు, కొబ్బరి, చక్కెర, పైన పళ్ళు, వాళ్ళ ప్రవక్త ఏలియా పేరు మీద. మా ఇంటికి ఒక పళ్ళెం పంపింది. నాన్న కళ్ళు మూసుకుని తిన్నాడు, ప్రసాదం తిన్నట్టు. రాత్రి అన్నం వద్దన్నాడు. నా పోరగాడు గాడ తుపాకి వట్టిండు, నాకు బువ్వెట్ల దిగుతది అన్నాడు.

నా పోరగాడు!

అమోల్ చిన్నప్పుడు బడి వదిలాక మా ఇంట్లోనే పడి ఉండేవాడు. నాన్న వాణ్ణి మగ్గం గుంటలో పక్కన కూర్చోబెట్టుకుని దారం కండె పెట్టిన నాడెను పడుగు మధ్య అటూ ఇటూ విసరడం నేర్పాడు. నేను వాడికంటే నాలుగేళ్ళు పెద్ద. నన్ను మాత్రం గుంటలోకి దిగనివ్వలేదు. ఆడివిల్లవు, కండెలు చుట్టు చాలు అనేవాడు. చుట్టాను. వాడు విసిరిన నాడెల్లో కండెలన్నీ నేను చుట్టినవే.

నవంబర్ 19, ఆదివారం

ఇవాళ రిబ్కా ఒక పాత శాలువా తెచ్చింది. వాళ్ళ తాతది, ప్రార్థన అప్పుడు తల మీదుగా కప్పుకునేది. తెల్ల ఉన్ని, చివర్లలో నల్ల చారలు, నాలుగు మూలలా జడలా కట్టిన కుచ్చులు. పురుగు కొట్టేసింది, ఎత్తి చూస్తే జల్లెడే. తాత తర్వాత వాళ్ళ నాన్న, తర్వాత అమోల్ కప్పుకోవాల్సింది.

అమోల్ ఫోన్‌లో అడిగాడట. కొత్తది అక్కడ బజార్లో దొరుకుతుంది, కానీ షోలాపూర్‌లో కాకా, అంటే మా నాన్న, చేత్తో నేసింది కావాలట. కుచ్చులు మాత్రం తనే కట్టుకుంటాడట, మూలలకి చిల్లులు వదిలితే చాలట.

నాన్నకి చెవులు సరిగ్గా వినపడవు. ఇది మాత్రం ఒక్కసారికే వినపడింది. రెండేళ్ళ నుంచి మూత వేసి ఉన్న మగ్గం మీంచి గోనెపట్టాలు తీసేశాడు. చీపురు అడిగాడు.

జూన్‌లో నేనేం అడిగానో ఇక్కడే రాసుకున్నాను, పేజీ తిప్పి చూశాను. మా టవల్ ఫ్యాక్టరీలో ఎక్స్‌పోర్ట్ శాంపిల్ అయిపోయాక మిగిలిన లినెన్ నూలు కోన్ ఒకటి సూపర్‌వైజర్‌ని అడిగి తెచ్చుకున్నాను. ఎంత మంచి నీలం! నాన్నా, దీంతో నాకొక చున్నీ నేసి పెట్టు అన్నాను. కండ్లు కనవడ్తలెవ్వు బిడ్డా, మగ్గం బందు, ఇగ నాతోని గాదు అన్నాడు. సరేలే అని కోన్ బీరువా మీద పెట్టేశాను.

నా పెళ్ళి చీర కూడా షాపులోదే. ఆ నెల ఆయన సేటు ఆర్డర్ చద్దర్లు నేస్తున్నాడు. షోలాపూర్‌లో సగం ఊరు ఆయన నేసింది కప్పుకుని పడుకుంది. నాకు జానెడు గుడ్డ లేదు.

నవంబర్ 22, బుధవారం

రిబ్కా ఉన్ని తెచ్చింది, లూధియానాది, సన్నగా మల్లెమొగ్గలా ఉంది. చారలు ఏ రంగువైనా ఏ నూలుతోనైనా కాకా ఇష్టమట. ఒక్కటే షరతు. ఉన్నీ లినెనూ ఒకే బట్టలో కలవకూడదు. వాళ్ళ ధర్మగ్రంథంలో ఉందట, ఎందుకో రాయలేదట, కూడదంటే కూడదంతే. కలిస్తే ఆ శాలువా అమోల్ కప్పుకోలేడు.

కాకాకి వినపడదు కదా, అగ సరూ, నువ్వు మంచిగ చెప్పు అని నా చెయ్యి పట్టుకుంది. సంచి బండికి తగిలించుకుని పుణె బస్సుకి పోయింది. అక్కడ వాళ్ళందరూ కలిసి సైనికులకి మేజోళ్ళు, టవళ్ళు మూటలు కడుతున్నారట.

సరే అన్నాను.

నవంబర్ 23

చెప్పలేదు. రేపు చెప్తాను.

నవంబర్ 26, ఆదివారం

నాన్న గుంటలోకి దిగాడు. డెబ్బై నాలుగేళ్ళ మోకాళ్ళు, మా ఆయన సంతోష్ చంకల కింద చేతులు వేసి దింపాల్సి వచ్చింది. దిగాక మాత్రం ముసలాయన కాదు. మా కులదైవం మార్కండేయుడికి దణ్ణం పెట్టి, ఉన్ని పడుగు నూలు లెక్క మాట వినదిరా, దీన్ని బుదరకియ్యాలె అని నవ్వాడు. అమ్మ పోయాక అంత నవ్వు చూడలేదు.

నేను కండెలు చుట్టాను. ఎవరికి? మళ్ళీ వాడికే.

సంతోష్ నా మొహం చూసి, కడుపుల మంటుంటే జెలుసిల్ ఉన్నది, తాగు అన్నాడు. మా ఆయనకి మగ్గం సంగతి తెలియకపోయినా నా సంగతి తెలుసు.

డిసెంబర్ 3, ఆదివారం

ఉన్నది ఉన్నట్టు రాస్తాను.

తెల్లటి భాగం ముందు చారలు రావాలి. నాన్న దగ్గర నీలం నూలుంది. పెట్టి చూశాడు. ఉన్ని పక్కన చప్పగా ఉందన్నాడు. అటూ ఇటూ చూసి బీరువా మీదికి చెయ్యి చూపించాడు. గా చమక్ నూలు తే బిడ్డా అన్నాడు.

నా కోన్.

ఆ నిమిషంలో నేను రెండు మాటల్లో ఏదైనా అనవచ్చు. అది నాది నాన్నా అనవచ్చు. అది కలపకూడదట నాన్నా అనవచ్చు. రెండోది అనడానికి రిబ్కాకి మాటిచ్చాను కూడా. స్టూల్ ఎక్కాను. కోన్ దించాను. దుమ్ము కూడా తుడిచి ఇచ్చాను.

గిది ఎవలకోసం తెచ్చినవే అని అడిగాడు. జూన్‌లో నేను అడిగింది గుర్తే లేదు ఆయనకి. ఊరికే తెచ్చిన అన్నాను. దానితో ఐదు కండెలు చుట్టి ఇచ్చాను. అమోల్ తీసుకోనీ, నాది కూడా తీసుకోనీ, కప్పుకోలేని శాలువా కప్పుకోనీ అనుకున్నాను. రాసి చూసుకుంటే ఇది నా అక్షరమేనా అనిపిస్తోంది.

డిసెంబర్ 10, ఆదివారం

ఫ్యాక్టరీలో నా పని చెకింగ్. టేబుల్ మీద బట్ట జరుగుతూ ఉంటుంది, పోగు తెగినా మరక పడినా నా కళ్ళు అక్కడే ఆగుతాయి. పదిహేనేళ్ళుగా జనం తప్పులు పట్టి జీతం తీసుకుంటున్నాను.

ఇవాళ రిబ్కా ఇంట్లో టీవీ చూశాం. గాజాలో ఒక తల్లి దుమ్ములో కూర్చుని ఉంది. రిబ్కా టీవీ కట్టేసింది. ఆమె గుడ ఎవలదో ఫోన్ కోసం జూస్తుండొచ్చు అంది. తర్వాత దాని వాటా కీర్తనలు చదువుకుంది. నేను పక్కనే కూర్చున్నాను. ఇప్పుడు చెప్పెయ్ అని నాలో నేనే అనుకున్నాను. చెప్పలేదు.

డిసెంబర్ 24, ఆదివారం

శాలువా అయిపోయింది. నాన్న కొబ్బరికాయ కొట్టి మగ్గం మీంచి కోశాడు. రెండు గజాల తెలుపు. ఒక్కో చివర ఐదు నీలం చారలు, చారకు పదహారు పోగులు. మొత్తం నూట అరవై. నా అలవాటు కొద్దీ టేబుల్ మీద పరిచి చూశాను. ఒక్క తప్పు లేదు. చారలు నీళ్ళలా మెరుస్తున్నాయి.

అంత అందంగా నేయకపోయి ఉంటే బాగుండేది.

2024 జనవరి 9

పదహారు రోజులుగా అమోల్ ఫోన్ లేదు.

జనవరి 17, పొద్దున 5:40

ఇరవై నాలుగు రోజులు. రిబ్కా మాట్లాడ్డం మానేసింది, కీర్తనలు మాత్రం మానలేదు. వాడికేమైనా అయితే? వాడికోసం నేసిన బట్టలో నా విషం ఉంది. ఇట్లాంటివి నేను నమ్మను. కానీ నిద్ర లేచాను, ఇది రాస్తున్నాను. మార్కండేయా, వాడు ఫోన్ చేస్తే చెప్పేస్తాను.

జనవరి 28, ఆదివారం

ఫోన్ చేశాడు! గడ్డం పెరిగింది, మనిషి నల్లబడ్డాడు, సెలవు మీద ఇంటికొచ్చాడు. రిబ్కా ఫోన్ పట్టుకుని మా ఇంట్లోకి పరిగెత్తుకొచ్చింది. నాన్న ఏడ్చాడు, నేనూ ఏడ్చాను, అందులో నటనేమీ లేదు.

నాన్న శాలువా విప్పి కెమెరా ముందు పట్టుకున్నాడు. అమోల్ ఫోన్ మొహం దగ్గరికి తెచ్చుకుని చూశాడు. తర్వాత, కాకా, గీ నీలం గింత మెరుస్తుంది, ఏం నూలు అని అడిగాడు. నాన్న ఛాతీ ఉబ్బించి, లినెన్ రా, మీ సరూ అక్క ఫ్యాక్టరీల మాల్, ఫారిన్ పోయేది అన్నాడు.

అమోల్ మొహం మీద ఏదో వచ్చి పోయింది. మళ్ళీ నవ్వాడు. మస్తుంది కాకా, నీ చెయ్యి ఇంకా అట్లనే ఉన్నది అన్నాడు. లినెన్ ఊసెత్తలేదు. వాడు ఏం దాచాడో నాన్నకి తెలియదు.

రిబ్కా నావైపు చూసింది. నేను నేలవైపు చూశాను.

మొక్కు గుర్తుంది. ఫోన్ వచ్చింది. నోరు రాలేదు.

జనవరి 29, సోమవారం

రిబ్కా షిఫ్ట్ అయ్యాక ఫ్యాక్టరీ గేటు దగ్గర నిలబడి ఉంది. కాకాకి చెప్పలేదా అని అడిగింది. మరిచిపోయాను అన్నాను. నువ్వు నా పెళ్ళిల ఎవలు ఏ చీర కట్టిండ్రో ఇప్పటికి చెప్తవు, నువ్వు మరువవు అంది.

అప్పుడు చెప్పేశాను. గేటు పక్కన, ఆటోల మధ్య, మొత్తం. కోన్, చున్నీ, కండెలు, పెళ్ళి చీర, ముప్పై రెండు ఫోన్లు, నూట యాభై కీర్తనలు. మీకు ప్రపంచమంతా ఉంది, నాకు ఒక్క నాన్న, ఆయన్నీ మీరే తీసుకున్నారు అన్నాను. చిన్నపిల్లలా అరిచాను. వాచ్‌మన్ చూస్తున్నాడు.

అది ఏడవలేదు. వాళ్ళ నాన్న పోయిన రోజు గుర్తుందా అని అడిగింది. వాళ్ళ ప్రార్థనకి పదిమంది యూదు మగవాళ్ళు ఉండాలి. షోలాపూర్‌లో లేరు. పుణె నుంచి జీపులో తొమ్మిది మందే వచ్చారు. మా నాన్న టోపీ పెట్టుకుని పోయి పదో చోట నిలబడ్డాడు. లెక్కకు రాడని చెబితే, రాకుంటె రాకపాయె, జాగ ఖాళీ ఎందుకుండాలె అన్నాడు. అది నాకూ తెలుసు.

తెలియనిది ఇంకోటి చెప్పింది. ఏటా నూలు పున్నమికి మీ మార్కండేయుడి రథం మా గుమ్మం ముందు నుంచే పోతది, ఊరంతా నడుస్తది, నేను వాకిట్ల నిలవడి చూస్తా అంది. నా వాళ్ళందరు ఫోన్ల ఉంటరు సరూ, చాయ్ తెచ్చేది గోడ అవతల నుంచే అంది.

ఆటో ఎక్కి వెళ్ళిపోయింది. నన్ను రమ్మనలేదు.

ఫిబ్రవరి 1

ఆ మాట నన్ను వదలడం లేదు. దానికి నా మీద అసూయా? నా మీద? కోపంలో కూడా కొంచెం సంతోషం కలిగింది, సిగ్గు లేకుండా.

ఫిబ్రవరి 4, ఆదివారం

రిబ్కా తలుపు తట్టాను. సూదులు, కత్తెర, నవీ పేట్‌లో కొన్న నీలం ఉన్ని పట్టుకుని వెళ్ళాను. నాన్న దగ్గర శాలువా ఇస్త్రీకి అని అడిగి తీసుకున్నాను.

లినెన్ తీసేస్తే చాలని అమోల్ వాళ్ళ గురువుని అడిగి చెప్పాడట. కానీ ఒక్క పోగు కూడా మిగలకూడదు.

నేత తెలిసిన వాళ్ళకి తెలిసిన ఉపాయమే. అంచు దగ్గర రెండు వైపులా లినెన్ పోగు కత్తిరించాలి. ఒక కొసకి ఉన్ని పోగు సన్నగా ముడెయ్యాలి. రెండో కొస పట్టుకుని మెల్లగా లాగాలి. లినెన్ బయటికి వస్తుంటే దాని దారిలోనే ఉన్ని లోపలికి పోతుంది. తొందరపడితే తెగుతుంది. తెగితే సూదితో ఒక్కో పడుగు దాటిస్తూ పోవాలి.

రిబ్కా బట్ట బిగించి పట్టుకుంది, నేను లాగాను. సాయంత్రానికి ముప్పై ఏడు పోగులు.

ఫిబ్రవరి 11, ఆదివారం

తొంభై నాలుగు. ఇవాళ చాయ్ అది పెట్టింది.

లాగుతుంటే తెలుస్తోంది నాన్న దెబ్బ ఎంత సమానమో. పోగు పోగుకీ ఒకే ఒత్తిడి. ఈ చేయి నాకు నేర్పలేదన్న బాధ పోలేదు. కానీ ఆయన నడిచిన ప్రతి దారిలో నేనూ నడుస్తున్నాను, అటు నుంచి ఇటు.

ఫిబ్రవరి 18, ఆదివారం

నూట అరవై. కొసలు లోపలికి మడిచి కుట్టాం. ఒక్కో చార నుంచి కొస ఒకటి కత్తిరించి అగ్గిపుల్లతో కాల్చి చూశాను. లినెన్ అయితే కాగితం వాసన వస్తుంది. అన్నీ వెంట్రుకల వాసనే. అంతా ఉన్నే.

తీసిన పోగులు కట్టగా చుట్టి మా చెత్తబుట్టలో అడుగున వేసి, పైన ఉల్లిపొట్టు వేశాను.

శాలువా నాన్నకి ఇచ్చాను. కంటి పొర వల్ల రంగు తేడా తెలియదనుకున్నాను. బొటనవేలితో చార మీద రుద్దాడు. మళ్ళీ రుద్దాడు. ఆ చివరా ఈ చివరా చూశాడు. మడత పెట్టి నా చేతికే ఇచ్చి, మంచిగనే ఇస్త్రీ చేసినవు అన్నాడు.

మార్చి 10, ఆదివారం

ఠాణె అత్త వెంట శాలువా వెళ్ళింది. రిబ్కా దాన్ని షోలాపూర్ చద్దర్‌లో చుట్టింది.

మే 5, ఆదివారం

ఫోటో వచ్చింది. అమోల్ శాలువా తల మీదుగా కప్పుకుని నిలబడ్డాడు, నాలుగు మూలలా తెల్ల కుచ్చులు. డ్యూటీ అయిపోయి ఇంటికి చేరాడట. కింద మరాఠీలో రాశాడు, కాకాకి దండం, సరూ అక్కకి రెండు దండాలు అని. సరూకెందుకు రెండు అని నాన్న అడగలేదు. నాకు కొంచెం వింతగా ఉండింది.

వాడి మీద అసూయ పోయిందా? లేదు. తగ్గింది. నాన్న ఆ ఫోటోని ఫ్రేమ్ కట్టించమన్నాడు. అమ్మ ఫోటో పక్కన. నాది ఎక్కడా లేదు.

జులై 22

డ్యూటీ నుంచి వస్తుంటే మగ్గం చప్పుడు వినిపించింది. నేను లోపలికి వచ్చేసరికి ఆగింది. ఏం నేస్తున్నవు నాన్నా అంటే ఏం లేదు, దుమ్ము దులుపుతున్న అన్నాడు. మోకాళ్ళు పట్టేసి గుంటలోంచి రాలేకపోతే నేనే లేపాను.

ఆగస్ట్ 19, సోమవారం, నూలు పున్నమి

రథం కదిలే ముందు నాన్న జంధ్యం మార్చుకుని అందరికీ చేతి దారాలు కట్టాడు. సంతోష్‌కి పసుపు దారం. రిబ్కా కూడా మాతో నడవడానికి వచ్చింది, దానికీ పసుపు దారం. నాకు నాలుగు వేళ్ళ వెడల్పున ఒక నీలం పట్టీ, నేసింది. మణికట్టుకి రెండు చుట్లు వచ్చింది. నడువు బిడ్డా, రథం పోతది అన్నాడు, అంతే.

రథం వెనక నడుస్తూ, జనం తోసుకుంటుంటే, పట్టీ కొస దగ్గర పడుగు పోగులు లెక్కపెట్టాను. నూట అరవై.

నేను ఉల్లిపొట్టు కింద పారేసినవే, నాన్న ఒక్కటి కూడా పారెయ్యలేదు.